రెండో దెబ్బ

మందుల ఫ్యాక్టరీ గేటు ముందు కిష్టప్పను తొక్కిన లారీని ఆ సాయంత్రానికే కడిగేశారు. కడిగినది మరెవరో కాదు. అతని భార్య మొగులమ్మతో కలిసి అదే ఫ్యాక్టరీలో మందు డ్రమ్ములు కడిగే ఆడవాళ్లే. పోలీసులు వచ్చి చూసేసరికి ఆ లారీ పెళ్లికి బయలుదేరిన బండిలా మెరుస్తూ నిలబడి ఉంది.

ఈ సంగతిని నర్సింహమ్మ మూడోనాడు, పిట్టకు పిండం పెట్టి ఇంటికి తిరిగి వచ్చాక, చెప్పకుండా ఉండలేక చెప్పింది.

"నా చేతుల్తోనే కడిగిన అక్కా. సూపర్‌వైజరు నెత్తి మీద నిలబడ్డడు. జల్దీ కానియ్యిన్రి, మొగులమ్మ రాకముందే కావాలె అన్నడు. ఎనక చక్రానికి పైపు పెడితే గా నీళ్లు మా కాళ్ల కిందికెల్లే పోయినయ్. గప్పటిసంది ఎంత తోమినా చేతులకు వాసన పోతలేదు."

మొగులమ్మ ఆమె చేతులను చూసింది. డ్రమ్ములు కడిగే ఆడవాళ్ల చేతులకు సొంత రంగంటూ ఉండదు. ఆ వారం ఏ మందు దిగితే ఆ రంగు. ఈ వారం పసుపు. గోళ్ల మొదళ్లలో, అరచేతి గీతల్లో, పేరంటానికి పోయి వచ్చినట్లుగా పసుపు.

"నువ్వేం చేస్తవు చెల్లె," అంది. "కడుగుమంటె కడిగినవు."

కిష్టప్ప చచ్చిన నాటి నుంచి ఆమెకు ఏడుపు సరిగా రావడం లేదు. ఏడుపు రావలసిన చోట మరేదో వచ్చి కూర్చుంది. అది డ్రైవరు రూపంలో ఉంది. అతని ముఖం ఆమె చూడలేదు. చూడకుండానే ఆ ముఖాన్ని రోజూ రాతితో కొడుతోంది.

అప్పుడు తలుపు మీద చప్పుడైంది. ఇస్నాపూర్‌లో ఆ వరుస కిరాయి గదులన్నిటికీ రేకు తలుపులే. రేకు మీద అరచేతితో రెండు దెబ్బలు.

"ఆగు, వస్తున్న," అంటూ మొగులమ్మ లేచింది. గడియ మీద చెయ్యి పడ్డాక గాని ఆమెకు తెలివి రాలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న అత్త పోశమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

కిష్టప్ప అలాగే కొట్టేవాడు. బాయిలరు దగ్గర పని ముగించుకుని ఏ వేళకు వచ్చినా రెండే దెబ్బలు. మొదటిది మెల్లగా, కాస్త ఆగి, రెండోది గట్టిగా. పేరు పెట్టి పిలవడు. ఒకసారి ఆమె విసుక్కుంటే నవ్వాడు. "ఒక్కటి కొడితే గాలి అనుకుంటవే. రెండు కొడితే మనిషి అనుకుంటవు."

తలుపు తీస్తే ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఓదెలు. అతని వెనక తెల్లచొక్కా తొడుక్కున్న చలపతిరావు. ఫ్యాక్టరీలో మనుషులను పనిలోకి తీసుకునే, తీసేసే ఆఫీసరు ఆయన. చెప్పులు విప్పి, తల వంచుకుని లోపలికి వచ్చి, నర్సింహమ్మ వేసిన స్టూలు మీద కూర్చున్నాడు. ఓదెలు గడప బయటే ఆగి, తలుపు రేకుకు పట్టిన తుప్పును గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"చాలా ఘోరం జరిగింది మొగులమ్మా," అన్నాడు చలపతిరావు. "కిష్టప్ప మంచి పనివాడు. ఆ డ్రైవరుగాడు తాగి ఉన్నాడు. వాణ్ని ఊరికే వదలకూడదు. ఎల్లుండి ఎస్సైగారు గేటు దగ్గరికి విచారణకు వస్తారు. నువ్వు ఒక్క మాట చెప్పాలి. వాడు రోజూ తాగి బండి తెస్తాడని, నీ కళ్లతో చూశానని."

"నేను సూడలేదు గద సారూ."

"చూడకపోతే ఏమైందమ్మా? నీ కడుపుమంటకు తెలియదా?" ఆయన గొంతు మరింత మెత్తబడింది. "నీ సంగతి కూడా పెద్దసారుతో మాట్లాడాను. ఆఫీసు ఊడ్చే పని, పర్మినెంటు. ఇక ఆ మందునీళ్లలో చేతులు పెట్టనక్కర్లేదు."

పోశమ్మ తలెత్తి కోడలిని చూసింది. ఆ చూపులో రేపటి బియ్యం ఉన్నాయి. మొగులమ్మకు అది కనిపించింది. అయినా ఆమె బదులు పనికోసం చెప్పింది కాదు.

"పని ఇయ్యకున్నా చెప్త సారూ. వాడు జైల్ల కుళ్లాలె."

"అదీ మాట," అని చలపతిరావు లేచాడు. ఓదెలు మాత్రం ఒక్కసారైనా తల ఎత్తలేదు. వాళ్లు వెళ్లిపోయాక చూస్తే తలుపు రేకు మీద అరచెయ్యంత మేర తుప్పు ఊడి, కింద ఎర్రటి పొడి రాలి ఉంది.

మర్నాడు ఆమె ఠాణాకు బయలుదేరింది. మైల పదకొండొద్దులు కాకముందే గడప దాటుడేందని పోశమ్మ అడ్డుపడింది. "వాని మొఖం సూసొస్త," అంది మొగులమ్మ. "రేపు అందరి ముందల వాని మీద చెప్పాలె. సూడని మొఖం మీద ఎట్ల చెప్పాలె?" నర్సింహమ్మ పనికి నాగా పెట్టి తోడు వచ్చింది. దారి పొడుగునా, "ఒక్కటన్న కొట్టు అక్కా. నీతోని కాకుంటె నీ చెప్పు నాకియ్యి," అంటూనే ఉంది.

డ్రైవరు జంగయ్య ఠాణా వసారాలో బల్లపక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నడివయసు మనిషి. జనం కొట్టిన దెబ్బలకు ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. లారీ సేటు జామీనుకు రాలేదని కానిస్టేబులు చెప్పాడు. మొగులమ్మ ఎవరో ఎవరూ చెప్పకుండానే అతను గ్రహించి లేచి నిలబడ్డాడు. ఆమె చేతిలో చెప్పు ఉంది. అతను దాన్ని చూశాడు. చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"తాగి నడిపినవా?"

"తాగలేదమ్మా."

"మరి మనిషి కనబడలేదా నీకు? కండ్లు దొబ్బినయా?"

"ఎడమ దిక్కు నాకు కండ్లు లేవమ్మా," అన్నాడు జంగయ్య. మూసుకుపోయిన కంటిని ఉద్దేశించి అన్న మాట కాదది. "గంత ఎత్తు మీద కూసుంటే ఎడమ తలుపు కింద ఉన్నది ఏదీ ఆనదు. అద్దంల గూడ రాదు. బర్నబా అని క్లీనరు ఉండె నాకు. వాడే నా ఎడమ కన్ను. ఎడమ దిక్కుకెల్లి తల బయటపెట్టి చూస్తుండె. తలుపు మీద ఒక్క దెబ్బ కొడితే ఆగాలె. రెండు కొడితే పోవాలె. అన్ని లార్లకూ గదే."

ఆ సంగతి మొగులమ్మకు తెలియనిది కాదు. డ్రమ్ముల లారీలు వెనక్కి వచ్చేటప్పుడు క్లీనర్లు రేకులు చరచడం ఏళ్లుగా వింటూనే ఉంది.

"ఇప్పుడేడి వాడు?"

"మీ కంపెనోళ్లు క్లీనర్లను లోపటికి రానిస్తలేరు గదమ్మా, మందులు ఎత్కపోతరని. లోపటికి రానోనికి జీతమెందుకని సేటు వాణ్ని తీసేసిండు. గేటుకాడ మీ వాచ్‌మనే సూసి చెయ్యి కొట్టాలె, గది కంపెని ఖానూన్. ఆ పొద్దు నేను రోడ్డు మీద బండి ఆపుకోనే ఉన్న. సైరన్ మోగుతుంది. నేను కదల్లే. దెబ్బ కోసమే సూస్తున్న." జంగయ్య తన ఎడమ చెవిని తాకి చూపించాడు. "రెండు దెబ్బలు పడ్డయ్ అమ్మా. ఎడమ రేకు మీద. వాచ్‌మనే అనుకున్న. తిప్పిన."

"అబద్ధం," అంది నర్సింహమ్మ. "ఓదెలు కొట్టలేదన్నడు."

"మరి ఎవలు కొట్టిన్రో నాకు తెల్వదు. నా చెవులైతే అబద్ధం చెప్పవు."

మొగులమ్మ చేతిలోని చెప్పు కాస్త కిందికి దిగింది. "ఎట్ల కొట్టిన్రు?" అని అడిగింది.

జంగయ్యకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఎట్ల అంటే... గిట్ల," అని పక్కనున్న బల్ల మీద అరచేతితో కొట్టి చూపించాడు. మొదటిది మెల్లగా. కాస్త ఆగి, రెండోది గట్టిగా.

బల్ల మీది సిరాబుడ్డి కదిలింది. మొగులమ్మ ఆ చేతినే చూస్తూ నిలబడిపోయింది. లారీకీ గోడకూ నడుమ సైకిలుతో ఇరుక్కున్న మనిషి, తలపైన ఎత్తుగా నిలిచిన రేకుకు తన ఇంటి తలుపుకు చెప్పినట్లే చెప్పాడు, నేనున్నానని. గాలి కాదు, మనిషినని. ఒక్కటే కొట్టి ఉంటే బతికేవాడు.

ఆమె వంగి, చెప్పు నేల మీద పెట్టి, కాలికి తొడుక్కుంది. బయటికి వచ్చాక నర్సింహమ్మ ఊరుకోలేదు.

"కొట్టకపోతివి? గంత దూరం చెప్పు మోసుకొచ్చింది దేనికి, వానికి సూపెట్టనీకా?"

"సప్పుడు చెయ్యకు చెల్లె," అంది మొగులమ్మ.

ఇంటికి పోకుండా ఆమె ఫ్యాక్టరీ గేటు ముందు బస్సు దిగింది. పన్నెండేళ్లుగా ఫ్యాక్టరీకి పోతూ వస్తూ ఉన్నా, ఆ గేటు ఎదుట ఊరికే నిలబడి చూసింది ఎన్నడూ లేదు. బొంబాయి రోడ్డు మీద నుంచి వచ్చిన ఒక పొడుగు లారీ ఎడమకు తిరగడానికి ముందు కుడికి జరిగింది. అంత పొడుగు బండి అలా జరగకపోతే తిరగలేదు. జరిగేసరికి గోడ పక్కన దారి లాంటి సందు ఏర్పడింది. వెనక వచ్చే సైకిళ్లవాళ్లకు లారీ తమకోసమే పక్కకు తప్పుకున్నట్లు కనిపిస్తుంది. ఇద్దరు అందులోకి దూరారు. ముందు చక్రాలు గేటు వైపు తిరిగాయి. వెనక చక్రాలు వాటి అడుగుజాడల్లో నడవలేదు. అడ్డదారిన గోడను ఒరుసుకుంటూ వచ్చాయి. సందు సన్నబడింది. సైకిళ్లవాళ్లు ఒక్క తొక్కుతో బయటపడి, నవ్వుకుంటూ లోపలికి పోయారు. రోజూ అలా బయటపడుతున్నారు కాబట్టే నవ్వుతున్నారు.

మరో లారీ వచ్చి ఆగింది. ఆమె దాని ఎడమ తలుపు కిందికి వెళ్లి తల ఎత్తింది. ఆమెకు డ్రైవరు కనిపించలేదు. రంగు వేసిన రేకూ, దానిపైన ఆకాశమూ కనిపించాయి. ఆమెకు అతను కనిపించని చోట అతనికి ఆమె కనిపించదు. ఇందులో తెలియనిదేమీ లేదు. కావాలనుకున్నవాడెవడైనా ఇక్కడికి వచ్చి ఒక్కసారి తల ఎత్తితే చాలు. చలపతిరావు ఏనాడూ కారు దిగి ఇక్కడ నిలబడలేదు.

పక్కనే గోడలో పనివాళ్ల చిన్నగేటు ఉంది. దానికి తాళం. పోయిన ఎండాకాలం దాకా సైకిళ్లన్నీ అందులోంచే పోయేవి. రెండు గేట్లకు ఇద్దరు వాచ్‌మన్లు దండగని ఒకరిని తీసేసి, దాన్ని మూసేశారు. ఇప్పుడు లారీకీ మనిషికీ ఒకటే గేటు. సైరన్ ఆగిందంటే అదీ మూతపడుతుంది. ఆలస్యమైనవాడు ఆ పూట ఇంటికి పోవలసిందే. తాళం మీద సాలీడు గూడు కట్టింది. మొగులమ్మ ఆ గూటిని వేలితో తుడిచేసింది. అంతవరకు జంగయ్య ముఖం మీద పడుతున్న రాళ్లన్నీ ఆమె లోపల ఒక్కసారి ఆగిపోయాయి. ఆగి, దిక్కు మార్చుకున్నాయి.

విచారణ నాడు గేటు ముందు నీళ్లు చల్లించి, ఎస్సైకి కుర్చీ వేయించారు. ఆయన కూర్చోలేదు. నిలబడే అందరినీ అడుగుతున్నాడు. సైకిళ్లు పట్టుకుని పనివాళ్లు దూరంగా గుమిగూడారు. చలపతిరావు మొగులమ్మను ముందుకు పిలిచి, "చెప్పమ్మా, భయపడకు," అన్నాడు.

"డ్రైవరు తాగంగ నేనెన్నడు సూడలేదు సారూ," అంది మొగులమ్మ, ఎస్సైనే చూస్తూ. "బండి ఆపుకోనే ఉన్నడట. రెండు దెబ్బలు పడితే తిప్పిండట. ఆ రెండు దెబ్బలు కొట్టింది నా మొగడే."

గుంపులో గుసగుస లేచింది. ఎస్సై కనుబొమలు ముడిచాడు. "నువ్వు అక్కడ లేవు కదమ్మా. నీకెట్లా తెలుసు?"

"పన్నెండేండ్లు తలుపు తీసిన సారూ. నాకు తెల్వదా?"

చలపతిరావు ముఖంలో మొదట కలిగిన కలవరం మెల్లగా కరిగి, దాని చోట తృప్తి కనిపించింది. "విన్నారుగా ఎస్సైగారూ? భార్యే చెబుతోంది. కదిలే బండి పక్కకు దూరడం ఒక తప్పు. పొమ్మని సైగ చేయడం ఇంకో తప్పు. పాపం, తన చావును తానే పిలుచుకున్నాడు. ఇందులో కంపెనీ చేయగలిగింది ఏముంది?"

"కొట్టిన చెయ్యి నా మొగనిదే సారూ," అంది మొగులమ్మ. ఆమె గొంతు పెరగలేదు. "గా జాగల ఉండాల్సిన చెయ్యి ఎవలది? క్లీనర్లను గేటు బయట దించింది ఎవలు? చిన్నగేటుకు తాళమేసింది ఎవలు? మీరు చెయ్యి కొట్టనీకి పెట్టిన ఓదెలన్న ఆ పొద్దు ఏడున్నడు? గది అడుగున్రి."

ఎస్సై ఓదెలు వైపు తిరిగాడు. "ఎక్కడున్నవ్?"

ఆ ఉదయం ఓదెలు ఎక్కడున్నాడో అక్కడున్న ప్రతి పనివాడికీ తెలుసు. పెద్దసారు కారుకు అడ్డంగా ఉన్న స్కూటర్లను జరపమని చలపతిరావే అతన్ని లోపలికి పిలిచాడు. సైరన్ మోగుతున్నంతసేపూ అతను స్కూటర్లు మోస్తూనే ఉన్నాడు. ఓదెలు చలపతిరావు బూట్ల వైపు చూశాడు. నడుముకు వేలాడుతున్న తాళాల గుత్తిని గట్టిగా పట్టుకున్నాడు.

"గేటుకాడనే ఉన్న సారూ," అన్నాడు.

సైకిళ్లు పట్టుకున్నవాళ్లు నేల చూపులు చూశారు. ప్రతివాడికీ ఇంటి దగ్గర ఒక పొయ్యి ఉంది. డ్రైవరు తాగినట్లు సాక్ష్యం లేదని, అతన్ని జామీను మీద వదులుతామని, మిగిలినది కోర్టు చూసుకుంటుందని చెప్పి ఎస్సై జీపెక్కాడు. జీపు కదిలాక చలపతిరావు మొగులమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఆఫీసు పని సంగతి ఇక మరిచిపో," అన్నాడు మెల్లగా. "డ్రమ్ముల దగ్గరికి రావాలనుకుంటే రా. అదీ నోరు మూసుకుని."

"వస్త సారూ," అంది ఆమె. "పొద్దున్నే వస్త."

ఆ సాయంత్రం ఓదెలు ఆమె గది ముందు దాకా వచ్చి, తలుపు కొట్టకుండా నిలబడ్డాడు. నర్సింహమ్మ చూసి, "ఏంది ఓదెలన్నా, ఇంక జెరంత తుప్పు మిగిలింది, గీకిపోతవా?" అంది. అతను వెనుదిరిగాడు.

పొద్దున మొగులమ్మ అందరికన్నా ముందే గేటు దగ్గరికి చేరింది. లోపలికి పోలేదు. గోడ పక్కన, కిష్టప్ప పడిన చోట, కొంగు నడుముకు బిగించి నిలబడింది. నర్సింహమ్మ కూడా ఆమె పక్కన ఆగింది.

సైరన్ మొదలైంది. ఇస్నాపూర్ వైపు నుంచి సైకిళ్లు మందగా వస్తున్నాయి. వాటి నడుమ ఒక పొడుగు లారీ హారను కొడుతూ వచ్చి, కుడికి జరిగి, ముక్కు ఎడమకు తిప్పుతోంది. ఎప్పటిలాగే సందు తెరుచుకుంది. ఎప్పటిలాగే సైకిళ్లు అటు మళ్లాయి. మొగులమ్మ ముందుకు వచ్చి, పసుపు మరకలు పోని అరచేతితో ఎడమ రేకును బలంకొద్దీ చరిచింది.

ఒక్కటే దెబ్బ.

లారీ బ్రేకులు బుస్సుమన్నాయి. బండి ఆగింది. డ్రైవరు ఎవరో ఆమె చూడలేదు. అతను కూడా ఆమెను చూడలేదు. ఆ దెబ్బను మాత్రం విన్నాడు. ఎన్నో ఏళ్లుగా ఆ ఒక్క దెబ్బకు ఆగిన కాలు అది.

"పోన్రి," అంది ఆమె సైకిళ్లవాళ్లతో. "తొక్కుకుంట కాదు. దిగి నడువున్రి."

ఒక్కొక్కరే దిగారు. లారీ ముందు నుంచి, డ్రైవరు కళ్లెదుట నుంచి, సైకిళ్లు నడిపించుకుంటూ పోసాగారు. వెనక మరో లారీ వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. బొంబాయి రోడ్డు మీద హారన్లు మొదలయ్యాయి. సైరన్ ఆగిపోయింది. అయినా గేటు మూయడానికి వీలు లేదు, లారీ ముక్కు అందులో ఉంది. ఈసారి ఎవరూ వెనక్కి పోనక్కర్లేకపోయింది.

చలపతిరావు పరుగున వచ్చాడు. ఆయన వెనక ఓదెలు.

"ఏమిటీ వేషాలు? తప్పుకో అక్కణ్నుంచి. ఏయ్ డ్రైవర్, పోనీ బండి."

డ్రైవరు కుడి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "రెండు పడితేగాని కదలను సార్. ఎడమ దిక్కు ఎవలున్నరో నాకేం ఎరుక? మొన్న జంగయ్య గతి సూడలేదా?"

చలపతిరావు నర్సింహమ్మ వైపు చూశాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. సైకిళ్లవాళ్ల వైపు చూశాడు. వాళ్ల చేతులు హ్యాండిళ్లను వదలలేదు. తానే వెళ్లి కొట్టడానికి ఆ రేకు దాకా పోవాలి. గోడకూ చక్రాలకూ నడుమ, కిష్టప్ప పడిన ఆ సందులోకి. ఆయన రెండడుగులు వేసి, వెనక చక్రాన్ని చూసి ఆగిపోయాడు.

"ఓదెలూ," అన్నాడు. "వెళ్లి రెండు దెబ్బలు కొట్టు."

ఓదెలు సందులోకి వచ్చాడు. మొగులమ్మకు ఎదురుగా నిలబడి, అలవాటైన ఎత్తుకు చెయ్యి లేపాడు. ఆమె అతన్ని బతిమాలలేదు, తిట్టలేదు. తన అరచేతిని రేకు మీది నుంచి తీయలేదు కూడా. ఓదెలు ఆ చేతిని చూశాడు. లేచిన చెయ్యి అలాగే కొంతసేపు ఉండి, కిందికి దిగి, నడుము దగ్గరి తాళాల గుత్తిని అందుకుంది.

అతను లారీ పక్కనుంచి బయటికి వచ్చి, చలపతిరావు ముందు నుంచే నడిచి, చిన్నగేటు వైపు పోయాడు.

"ఓదెలూ, ఎక్కడికి?" అన్న కేక వినిపించింది. తుప్పు పట్టిన తాళంలో తాళంచెవి తిరగడానికి మొరాయించడం కూడా వినిపించింది.

మొగులమ్మ తల తిప్పలేదు. ఆమె అరచేతి కింద రేకు అదురుతూ ఉంది. అంత పెద్ద లారీ, ఇంజను ఆపకుండా, ముక్కు గేటులో పెట్టుకుని, రెండో దెబ్బ కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది.